నలభై ఒక్క ఫిర్యాదుల వంతెన

"...అని నేనన్నానా? తాడు బిగించమన్నాను. డబ్బా బోర్లించమనలేదు!"

"బిగించేసరికే బోర్లా పడిందే సుధా! నీ వైపు గిలకకి నూనె వేసి ఎన్నాళ్లయింది?"

"గిలక మీద పడతావేం? మూత సరిగ్గా పెట్టకుండా పంపింది నువ్వు."

"పెట్టాను తల్లీ. పడవని లాగినట్టు లాగుతావని మూతకేం తెలుసు?"

వాగుకి ఈ గట్టున సుధామయి, ఆ గట్టున కాంతం. ఇద్దరి మధ్య తాడుకి వేలాడుతూ ఒక ప్లాస్టిక్ బుట్ట. బుట్ట అడుగు నుంచి గోంగూర పప్పు చుక్కలు చుక్కలుగా నీళ్లలో పడుతోంది. కుక్కను తిప్పుకుంటూ వచ్చిన ఒక తెల్లాయన ఆగి, టెన్నిస్ ఆట చూస్తున్నవాడిలా తల అటొకసారి ఇటొకసారి తిప్పాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా నవ్వుతూ చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

వాళ్లకి పది అడుగుల దూరంలోనే కాలివంతెన ఉంది. రెండు చివర్లా నారింజరంగు కంచె కట్టి ఉంది. చెక్కలు పుచ్చాయని మార్చిలో పురపాలకసంఘం వాళ్లు మూసేశారు. నెల రోజులు ఇద్దరూ గట్లమీద నిలబడి కేకలు వేసుకున్నారు. ఆ తర్వాత సుధామయి హార్డ్‌వేర్ దుకాణంలో బట్టలారేసే తాడు, రెండు గిలకలు కొంది. కాంతం మనవరాలు మధుమిత తాడు కొసకి టెన్నిస్ బంతి కట్టి అవతలికి విసిరింది. అప్పటి నుంచి పెరుగు తోడు, కరివేపాకు, చదివేసిన వారపత్రికలు ఆ బుట్టలోనే వాగు దాటుతున్నాయి.

కెనడాలో మిల్టన్ దాటాక వచ్చే చిన్న ఊరు అది. సుధామయికి అరవై ఎనిమిదేళ్లు, పుట్టింది ప్రొద్దుటూరు. సివిల్ డిప్లొమా చేతపట్టుకుని ముప్ఫై అయిదేళ్ల కిందట కెనడా వచ్చింది. ఇంజనీరు పని దొరకలేదు. పక్క కౌంటీ రోడ్ల ఆఫీసులో గుమాస్తాగా చేరింది. మంచు కరిగాక మోకాళ్ల దాకా బూట్లు వేసుకుని తూములూ చిన్న వంతెనలూ చూసి రావడం, ఎక్కడ తుప్పు, ఎక్కడ పగులు, ఎక్కడ మట్టి కోసుకుపోయింది అన్నది రాసిపెట్టడం ఆమె పని. ఇరవై రెండేళ్లు అదే చేసింది. రిటైరయింది. భర్త పోయి ఆరేళ్లు. కంటిచూపు తగ్గడంతో రెండేళ్ల కిందట డ్రైవింగ్ లైసెన్సు తనే తిరిగి ఇచ్చేసింది.

కాంతం పరిచయమైంది ఆ వంతెన దగ్గరే. కాంతం కూతురి దగ్గర ఉండటానికి భీమవరం నుంచి కొత్తగా వచ్చిన రోజులు. వంతెన మొదట్లో సిమెంటు పగుళ్లలో మొలిచిన గంగవావిలి కూర చూసి, ఒంగి చెంగులోకి కోస్తోంది.

"అక్కడ కుక్కలు తిరుగుతాయమ్మా, కొయ్యకండి" అంది సుధామయి.

"కడుక్కోమా ఏంటండీ? మీరేమన్నా ఈ ఊరి ప్రెసిడెంటా?" అంది కాంతం.

అలా మొదలైంది. ఈ నాలుగేళ్లలో తిట్టుకోకుండా గడిచిన రోజు లేదు, కలుసుకోని రోజూ లేదు. ఇప్పుడు మాత్రం ఒకరింటికి ఒకరు వెళ్లాలంటే హైవే పక్క నుంచి నాలుగు కిలోమీటర్లు నడవాలి. ఆ దారికి ఫుట్‌పాత్ లేదు, బస్సూ లేదు.

జూన్ చివరి వారంలో కౌన్సిల్ సమావేశం పెట్టారు. దాని కాగితాలు ఊరి వెబ్‌సైటులో వస్తాయి. అలాంటివి ముందుగా తెరిచి చదవడం సుధామయికి ఉద్యోగం నాటి అలవాటు. ఆరో అంశం, ఆ దేశంలో నేరం కాని గంజాయిని పార్కుల్లో కాల్చడంపై బైలా, అంటే ఊరి నిబంధన. ఏడో అంశం, వాగు కాలివంతెనకి నిధులు. రెండూ వేర్వేరు సంగతులనుకుంటూ చదువుతూ పోయి, ఏడో అంశం మూడో పేజీలో ఆగిపోయింది. వంతెన గంజాయి తాగేవాళ్లకి అడ్డాగా మారిందనీ, దానికి రుజువుగా ఏడాదిలో నలభై ఒక్క ఫిర్యాదులు వచ్చాయనీ, కనక బాగుచేయడానికి బదులు వంతెనను శాశ్వతంగా తీసేస్తే రెండు సమస్యలూ తీరుతాయనీ అధికారుల సిఫారసు. కింద ఒక ఫిర్యాదులోంచి మాటలు ఎత్తి రాశారు: 'గాలి పడమటి నుంచి వీస్తున్నప్పుడు, ఉదయం 5.40కి, వంతెన తూర్పు చివర వాసన తీవ్రంగా ఉంది.'

ఆ వాక్యం రాసింది సుధామయే.

కిందటి సెప్టెంబరులో జరిగిందది. పొద్దున్నే నడిచే తెలుగు పెద్దలు ఇరవై మూడు మందికి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. దానికి పెద్ద భీమారావు గారు, రిటైరైన పాథాలజిస్టు. ఒకరోజు వంతెన మీద గుప్పుమని వాసన కొట్టింది. భీమారావు గారు ఆగి, కళ్లు మూసుకుని పీల్చి, "గంజాయే. సందేహం లేదు. నలభై ఏళ్లు మైక్రోస్కోపు ముందు కూర్చున్నవాణ్ణి" అని తేల్చేశారు.

"మైక్రోస్కోపులోంచి వాసన కూడా వస్తుందాండీ?" అంది కాంతం. ఆయన పట్టించుకోలేదు.

ఫిర్యాదు ఎలా రాస్తే ఆఫీసులో పక్కన పడేయలేరో సుధామయికి తెలుసు. తేదీ, సమయం, చోటు, గాలి దిక్కు. నాలుగు పేరాల్లో రాసి గ్రూపులో పెట్టింది. అందరూ దాన్నే ఎవరికి వారు పంపారు. వెళ్లిందో లేదోనన్న అనుమానంతో చాలామంది రెండేసిసార్లు పంపారు. ఏడుగురు పేరు మార్చడం మరిచిపోయి, డాక్టర్ భీమారావు అన్న సంతకంతోనే పంపారు. ఇరవై మూడు మంది నలభై ఒక్క ఫిర్యాదులయ్యారు.

సుధామయి టాబ్లెట్ బోర్లించి కాఫీ కలుపుకుంది. గ్లాసు ముందు పెట్టుకుని తాగడం మరిచిపోయింది. కాసేపటికి ఒక సంగతి తోచింది. మార్చి నుంచి వంతెనకి కంచె ఉంది, దాని మీదికి ఎవరూ పోలేరు. వాసన మాత్రం నిన్న కూడా వచ్చింది.

మర్నాడు పొద్దున్న అయిదున్నరకి వాగు దగ్గర నిలబడింది. అవతలి గట్టున కాంతం, పక్కన ఉద్యోగానికి బయల్దేరిన మధుమిత. వంతెన కింద రాళ్ల సందులోంచి ఏదో కదిలింది. పిల్లి అంత ఉంది, నల్లటి ఒళ్లు, తల నుంచి తోక దాకా తెల్లచార. దాని వెనక అలాంటివే నాలుగు చిన్నవి, బడికి పోతున్నట్టు వరసగా.

"ఒసే సుధా, పిల్లులే! ఎంత ముద్దుగా ఉన్నాయో!" అంది కాంతం.

"అమ్మమ్మా, డోంట్ మూవ్! అది స్కంక్!" మధుమిత ఆవిడ చెయ్యి పట్టుకుంది. "భయపెడితే తోకెత్తి స్ప్రే చేస్తుంది. మీరందరూ గంజాయి గంజాయి అంటున్న వీడ్ స్మెల్ దానిదే. సేమ్ లాగే ఉంటుంది, బట్ డిఫరెంట్."

"డిఫరెంటని నీకెలా తెలుసే?"

మధుమిత వాగు వైపు చూసింది. "బయాలజీ" అంది.

"మీ అమ్మ రానీ, ఆ బయాలజీ ఏంటో కనుక్కుంటా."

ఇవతలి గట్టున సుధామయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. ఇంటికి వెళ్లగానే కౌన్సిల్‌లో మాట్లాడటానికి పేరు రాయించుకుంది. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు.

సంగతి తెలిసి భీమారావు గారు ఫోన్ చేశారు. "సుధామయి గారూ, మీరు అందరి ముందూ నిలబడి పొరబడ్డామంటే ఇక మనం ఏం రాసినా నవ్వుతారండీ. గ్రూపు పరువేం కాను?"

"నవ్వనివ్వండి. నవ్వుకుంటూ వంతెన బాగుచేస్తే నాకేం ఇబ్బంది?"

"అసలు అది జంతువు వాసనని ఎవరు తేల్చారు? ఆ అమ్మాయా? రేపు పొద్దున నేనే వెళ్లి చూస్తాను. గంజాయని నిరూపిస్తాను."

"వెళ్లకండి భీమారావు గారూ. వెళ్లినా ఒంగి చూడకండి."

మర్నాడు సాయంత్రం ఏడింటికి కౌన్సిల్ హాల్లో మొదటి వరసలో సుధామయి, పక్కన కాంతం కూర్చున్నారు. ఆ చుట్టుదారి అంతా తిప్పి మధుమితే కారులో ఇద్దరినీ దింపింది. కాంతానికి ఇంగ్లీషు సగమే అందుతుంది. మిగతా సగం సుధామయి మోచేతిని పొడిచి అడుగుతోంది. ఏడో అంశం రాగానే సుధామయి మైకు ముందుకి వెళ్లింది. చేతిలో ఒకే కాగితం.

"మీకు వచ్చిన నలభై ఒక్క ఫిర్యాదులూ ఒకటే ఫిర్యాదు. దాన్ని రాసింది నేను" అని మొదలుపెట్టింది. "చక్కగా రాశాను. గాలి దిక్కు కూడా రాశాను. కానీ తప్పు రాశాను. వంతెన కింద స్కంక్ ఉంది. నలుగురు పిల్లల తల్లి. గంజాయి తాగేవాళ్లని నేనక్కడ ఒక్కరోజు కూడా చూడలేదు. వాళ్ల సంగతి మీరు ఆరో అంశంలో ఏం తేల్చినా సరే, నా వంతెనని అందులోకి లాగకండి."

కౌన్సిలర్లలో ఒకాయన కళ్లద్దాలు తీశాడు. "అంతమంది ఒకేసారి పొరబడ్డారంటారా? ఆ రెండు వాసనలకీ తేడా తెలీకపోవడం నమ్మేలా లేదు."

సుధామయి నోరు తెరిచే లోపే మేయరు చెయ్యెత్తింది. ఆమె ముక్కు ఇందాకటి నుంచీ ముడుచుకునే ఉంది. "క్షమించాలి. ఈ హాల్లో ఎవరో గంజాయి తాగి వచ్చారు. ఇక్కడ పొగ నిషేధం. ఎవరైనా సరే, దయచేసి బయటికి వెళ్లండి."

తర్వాత వెనక వరసలో, చుట్టూ ఎనిమిది ఖాళీ కుర్చీల మధ్య నుంచి, సూటు వేసుకున్న ఒక పెద్దమనిషి లేచాడు.

"నా పేరు డాక్టర్ భీమారావు. డెబ్బై నాలుగేళ్లు. పుట్టి బుద్ధెరిగాక సిగరెట్ కూడా ముట్టలేదు. ఈ ఉదయం అయిదు నలభైకి వంతెన కిందికి ఒంగి టార్చిలైటు వేశాను." సూటు బొత్తాం సర్దుకున్నారు. "నాలుగుసార్లు స్నానం చేశాను. ఇది కొత్త సూటు. మేడమ్, మీరిప్పుడు పొరబడ్డారు. ఏం ఫరవాలేదు, మేమూ పొరబడ్డాం. నలభై ఒక్కసార్లు."

ముందుగా నవ్వింది కళ్లద్దాలు తీసిన కౌన్సిలరే. ఆ తర్వాత హాలంతా నవ్వింది. మేయరు కాగితాల వెనక మొహం దాచుకుంది.

"ఏమన్నారే? ఏమన్నారే?" కాంతం సగం లేచి నిలబడింది.

"ఇంటికెళ్లాక చెప్తా, కూర్చో!" మైకు ముందు నుంచే తెలుగులో అనేసి సుధామయి మళ్లీ ఇంగ్లీషులోకి వచ్చింది. ఇంకా రెండు నిమిషాలున్నాయి. అధికారుల రిపోర్టులోనే వేసిన ఫోటోలు చూపించింది. ఇనుప దూలాలకి పైపై తుప్పే తప్ప చేటు లేదు, పునాది గోడలు గట్టిగా ఉన్నాయి, మార్చాల్సింది పై చెక్కలూ ఒక పక్క రెయిలింగూ. "ఇలాంటివి ఇరవై రెండేళ్లు చూశాను. తీసేయాల్సిన వంతెన అయితే నేనే తీసేయమని రాసేదాన్ని" అంది.

అయిదు నిమిషాలు అయ్యాయని చెప్పే గంట మోగడానికి పది సెకన్లు మిగిలాయి. కాగితంలో లేని మాట ఒకటి చెప్పింది. "అవతలి గట్టున నా స్నేహితురాలి ఇల్లుంది. రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు. వంతెన మీద ముప్ఫై రెండు అంగలు."

చర్చ ముప్పావుగంట నడిచింది. ఆరో అంశాన్నీ ఏడో అంశాన్నీ విడదీశారు, మళ్లీ కలిపారు, మళ్లీ విడదీశారు. భీమారావు గారు తనంతట తనే తలుపు దగ్గరికి కుర్చీ జరుపుకున్నారు. కౌన్సిలర్లు చేతులెత్తి ఓట్లు వేశారు. సుధామయి లెక్కపెడదామనుకుంది గానీ కళ్లకి వెనక వరస చేతులు ఆనలేదు.

"ఏమైందే?" అంది కాంతం.

"ఆగు. చదువుతున్నారు."

మేయరు కాగితం ఎత్తి పట్టుకుంది. "ఆరుగురు అనుకూలం, ముగ్గురు వ్యతిరేకం. వాగు కాలివంతెనను తొలగించాలన్న సిఫారసును కౌన్సిల్ తిరస్కరించింది. చెక్కలూ రెయిలింగూ మార్చడానికి ఈ ఏడాది నిధుల్లోంచే మంజూరు చేసింది. వంతెనకి తొమ్మిది మీటర్ల లోపు పొగాకు గానీ గంజాయి గానీ కాల్చకూడదు. కింద ఉన్న తల్లి తన పిల్లలతో వెళ్లిపోయాక పని మొదలవుతుంది."