ఇద్దరు కాన్సుల్స్, ఒక పొయ్యి

ఆ ఘోరం జరిగినప్పుడు అక్కడున్నవి: కూలిన రోమన్ కోటగోడ, దాని పక్కన మేసే గొర్రెలు, అద్దెకు తీసుకున్న హాల్, అందులో ఒక్కటే పొయ్యి, గుంటూరు సుబ్బారావు అంకుల్, కడప రెడ్డెప్ప అంకుల్, లక్ష్మి ఆంటీ, నలభైమంది ఆకలి, నేను. వీటిలో ప్రమాదకరమైనది ఏదో ఊహించండి. గొర్రెలు కావు.

ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్ తెలుగువాళ్ళం కార్తీక వనభోజనాలు జూలైలో చేసుకుంటాం. కార్తీకంలో ఇక్కడ చెట్టు కింద కూర్చుంటే విస్తరి వేసేలోపే మనిషి గడ్డకడతాడు. కిందటేడు వంటకు పెద్ద ఎవరన్న తగవులో అంకుల్స్ ఇద్దరూ మాటలు మానేశారు. "ఈసారీ కొట్లాడుకుంటే ఇక వనభోజనాలే ఉండవు, నువ్వే ఏదో చెయ్యి బాబూ," అన్నారు ఆంటీ.

వారం ముందు ఆ గోడ నీడలో పడుకుని రోమన్ల చరిత్ర సగం చదివాను. మబ్బులు తెల్లని ఉత్తరీయాలు కప్పుకుని సభకు వెళ్తున్నట్టు మెల్లగా కదిలాయి. ఆ మగతలోనే ఉపాయం తట్టింది. రోమ్‌ను ఏలడానికి ఏటా ఇద్దరు కాన్సుల్స్. సమాన అధికారం. ఒకరు 'వద్దు' అంటే రెండోవారి పని ఆగాలి. ఒక సర్వర్ పడిపోతే ఇంకోటి ఉంటుంది కదా అని మురిసిపోయాను. వనభోజనాల రోజు అంకుల్స్ ఇద్దరినీ వంటకు కాన్సుల్స్‌ని చేశాను.

"గోంగూర పప్పు ఎక్కిస్తున్నా," అన్నారు సుబ్బారావు అంకుల్.

"వద్దు." రెడ్డెప్ప అంకుల్ పొయ్యి ఆర్పారు. "సంగటికి ఎసురు పెడతాండా."

"వద్దండీ." పొయ్యి మళ్ళీ ఆరింది.

"ఏమబ్బీ, రూలు ఇంతేనా?"

"ఇంతే అంకుల్," అన్నాను గర్వంగా. వ్యవస్థ అక్షరాలా పనిచేస్తోంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఇమిడాయి, కూర తరగడానికే ఒక్కటీ బయటికి రాలేదు.

రెండు గంటలయింది. పిల్లలు గొర్రెలతో కలిసి గడ్డివైపు చూస్తున్నారు.

ఆంటీ నా పక్కన కూర్చున్నారు. "మరి రోమన్లు చివరికి ఏం చేశారు బాబూ?"

అప్పుడు పుస్తకంలో మిగతా సగం తిరగేశాను. "విసిగిపోయి అధికారమంతా ఒక్కరి చేతిలో పెట్టారు ఆంటీ. చక్రవర్తి అన్నారు."

"అది ముందు చదవొద్దూ?" అని ఆంటీ లేచి, ఫోన్ తీసి, ఎవరినీ అడగకుండా ఆర్డర్ పెట్టారు. సామ్రాజ్యం అలా మొదలైంది.

తిండి కూడా రోమ్ వైపుదే వచ్చింది. కాన్సుల్స్ ఇద్దరూ ఒకే పెట్టెలోంచి తింటూ, ఏడాది తర్వాత మొదటిసారి మాట్లాడుకున్నారు.

"కారం లేదండీ."

"లేదప్పా. ఈ పిల్లోనికి ఇంకేం పని చెప్పొద్దు."

"వద్దండీ."

రెండు 'వద్దు'లూ కలిశాయి. చివరి అధ్యాయం చదవకుండా ఏ ప్రభుత్వాన్నీ ఎవరికీ సిఫార్సు చేయనని ఆ గోడ సాక్షిగా ప్రమాణం చేశాను.

పిజ్జాలు పద్నాలుగు.