వెల్డా కిటికీ

టెక్సాస్‌లోని ఆ చిన్న కౌంటీ కచేరీలో పెళ్ళికీ విడాకులకీ కిటికీ ఒక్కటే. దాని వెనక ముప్పయ్యేళ్ళుగా వెల్డా ఒక్కతే. ముద్ర వేసి, తడి ఆరేలా నోటితో ఊదుతుంది. పెళ్ళి లైసెన్సు తీసుకున్నవాళ్ళ ముందుకి పిప్పరమెంట్ల సీసా జరుపుతుంది, విడాకులవాళ్ళ ముందుకి టిష్యూల డబ్బా. 2013లో ఓ మంగళవారం రొవీనా, జిల్ వచ్చారు. ఆడవాళ్ళ మధ్య పెళ్ళిని ఒప్పుకునే అయోవా రాష్ట్రంలో ఒకరినొకరు పెళ్ళాడిన ఆ ఇద్దరూ, అంతకుముందే ఇక్కడ విడాకులకి అర్జీ పెట్టుకున్నారు.

"జడ్జిగారు కొట్టేశారు తల్లీ. మీ పెళ్ళి మన రాష్ట్రంలో చెల్లదట. లేని పెళ్ళిని రద్దెలా చేస్తామన్నారు."

"అయితే రేపే ఇంకొకర్ని చేసుకోవచ్చా, మిస్ వెల్డా?" అంది రొవీనా.

"అమ్మో, అంతపని చెయ్యకు! అయోవాలో నీకు పెళ్ళయి ఉందిగా."

"పోనీ, అక్కడే విడిపోతాం."

"మీలో ఒకరు ఏడాదైనా అక్కడ ఉంటేగానీ అర్జీ తీసుకోరు."

జిల్ పకపకా నవ్వింది. "విడాకుల కోసం కొత్త కాపరం పెట్టాలన్నమాట!" ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది.

వెల్డా కొట్టేసిన అర్జీ మీద ముద్ర వేసింది, ఊదడం మరిచిపోయింది. చెయ్యి సీసా దాకా వెళ్ళి, డబ్బా వైపు తిరిగి, బల్లమీదే ఆగిపోయింది. వాళ్ళ వెనక వరసలో ఎవరూ లేరు. అయినా "నెక్స్ట్!" అని పిలిచింది.