అన్‌ఫిట్ రాయించుకోని బాపు

భూపాలపల్లి కాలనీలో కాస్త వయసు మళ్లిన బొగ్గుబాయి కార్మికుడికి కోరిక ఒక్కటే ఉంటుంది: డాక్టర్లు తనను అన్‌ఫిట్ అని రాయాలి. రాస్తే తన కొలువు కొడుక్కో బిడ్డకో వస్తుంది. అందుకోసం మొక్కులు మొక్కినవాళ్లున్నారు, లేని నడుంనొప్పికి కుంటినవాళ్లున్నారు. పక్క క్వార్టర్‌లో ఉండే, నాకు బాబాయి వరసయ్యే కాక అయితే కుంటడం అలవాటైపోయి, కొడుకు పనిలో చేరాక కూడా కుంటుతూనే ఉన్నాడు. మేమంతా నవ్వేవాళ్లం. మా బాపు మాత్రం నవ్వేవాడు కాదు.

ఇంట్లో నేనొక్కదాన్నే సంతానం. జనగామలో ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్‌లో ఎంటెక్ చేసి, ఇంకా కంప్యూటర్ నెట్‌వర్క్‌ల మీద పీహెచ్‌డీ చేస్తానంటే మా మేనత్త మరిపెడ నుంచి పనిగట్టుకుని వచ్చింది. "ఇంకెన్నేండ్లు సదువుతవే? నెత్తి పండినంక కొలువు జేస్తవా?" అంది. బాపు ఆమెకు చాయ్ అందిస్తూ, "సదవనియ్యి అక్క. మనింట్ల బాయి దిగుడు నాతోనే ఆగాలె" అన్నాడు.

ఏం పరిశోధన చేస్తావని ఇంటర్వ్యూలో అడిగితే నాకు ఇల్లు తప్ప మరేమీ గుర్తుకు రాలేదు. బాయిలోకి దిగిన మనిషికి పైనుంచి కబురు చేయడం కష్టం. సెల్‌ఫోన్ తరంగాలు రాయినీ బొగ్గునూ దాటి పోలేవు. సొరంగం ఒక్క మలుపు తిరిగితే చాలు, అక్కడే చచ్చిపోతాయి. దారి పొడుగునా చిన్న చిన్న పరికరాలు పెట్టి, ఇల్లు కట్టేచోట కూలీలు ఇటుకలు అందించుకున్నట్టు, ఒకదాని మాట ఇంకొకటి అందుకుని పైదాకా పంపేలా చేయొచ్చా? మధ్యలో ఒకటి పాడైతే ఆ మాట ఏ దారిన పోవాలి? ఇదే నా ప్రశ్న. సీటు వచ్చింది, ఫెలోషిప్పూ వచ్చింది. ఫోన్ చేసి బాపుకు చెప్పాను. "మంచిగ జెయ్యి బిడ్డా. బాయిల ఉన్నోనికి పైనున్నోళ్ల మాట ఇనబడితె సగం భయం పోతది" అన్నాడు.

రెండో ఏడు నుంచి మా ఫోన్లు పొట్టివయ్యాయి. నాలుగు మాటలు మాట్లాడేలోపే "సిగ్నల్ లేదు బిడ్డా" అని పెట్టేసేవాడు. నేను చదివేదే ఆ చదువు కదా, తెలివంతా వాడాను. కాలనీ టవర్ మీద భారం పెరిగి ఉంటుందని తేల్చి, వేరే సిమ్ కొని పంపాను. దాంట్లోనూ సిగ్నల్ ఉండేది కాదు. మా గైడ్ మేడమ్‌తో అంటే ఆమె వానలనీ చెట్లనీ రెండు మూడు కారణాలు చెప్పింది. ఇద్దరం శాస్త్రం తెలిసినవాళ్లమే.

బాపుకు దగ్గు వచ్చేది. అది నాకు వినబడకూడదని ఫోన్ కట్ చేసేవాడు. ఈ సంగతి ఆయన పోయాక మేనత్త చెబితే తెలిసింది.

కాలనీ దవాఖానకు వెళితే ఊపిరితిత్తులు చూసి అన్‌ఫిట్ రాసేస్తారని ఆయన భయం. రాస్తే కొలువు నాకు వస్తుంది. గడువులోపు చేరకపోతే చేజారిపోతుంది. అప్పుడు చుట్టాలంతా నన్ను పట్టి లాగుతారు, లాగకపోయినా ఇల్లు నడవాలని నేనే సీటు వదిలేసి వస్తాను. నన్ను అంత బాగా ఎరిగినవాడు మరొకడు లేడు. అందుకని అక్క ఇంటికి పోతున్నానని అమ్మకు చెప్పి, మేనత్తను తోడు తీసుకుని, తెలిసిన మొహం ఎదురుపడని మహబూబాబాద్‌లో ఒక డాక్టరుకు చూపించుకునేవాడు. బాయి పని మానెయ్యమని ఆ డాక్టరు కోప్పడ్డాడట. "నా బిడ్డ పీహెచ్‌డీ అయ్యేదాంక ఈ దగ్గు ఆగుతది సార్, జర మందు రాయుండ్రి" అన్నాడట బాపు. కాలనీ అంతా అన్‌ఫిట్ కోసం పాకులాడుతుంటే ఈయన ఫిట్‌గా కనబడటానికి తంటాలు పడ్డాడు. మీసానికి రంగు కూడా వేసేవాడని అమ్మ అంది. నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడ్చాను.

ఆయన బాయిలో పోలేదు. మొదటి షిఫ్టుకు తయారై, గుమ్మంలో కూర్చుని బూట్లు వేసుకుంటూ పక్కకు ఒరిగిపోయాడు.

"కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడె" అని మేనత్త దినాలన్నీ తల కొట్టుకుంది. రిటైర్ కాకముందే మనిషి పోయినా కొలువు ఇంట్లోవాళ్లకే ఇస్తారు. ఏ కొలువు నా మెడకు చుట్టుకోకూడదని ఆయన ఊపిరి బిగబట్టాడో, అదే ఆయన చావుతో ఇంట్లోకి వచ్చి కూర్చుంది. ఎవరూ చేరకపోతే క్వార్టర్ ఖాళీ చేయాలి, అమ్మకు ఇంకో నీడ లేదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. సీటు వదిలేస్తున్నానని గైడ్ మేడమ్‌కు ఫోన్‌లో చెప్పేశాను. తొందరపడొద్దంది. నాకు ఆమె మీద ఒళ్లు మండింది.

నా మాటలు అమ్మ విన్నది.

"నువ్వు బాయికి పోతె మీ బాపు ఎందుకు సచ్చినట్టు?" అంది.

"మరెట్లనే అమ్మా?"

"నేను జేస్త. పెండ్లాం గూడ చెయ్యొచ్చట. నాకింకా వయసున్నది, అడిగొచ్చిన."

బాయి పేరెత్తితేనే మొహం తిప్పుకునే మనిషి. ఆమెకు బాయి పైన, ఆఫీసు దగ్గర ఊడ్చే పని ఇచ్చారు.

మొదటి రోజు నేనూ వెంట వెళ్లాను. చీర మీద పని చొక్కా వేసుకుంది, అది భుజాల దగ్గర జారిపోతోంది. గేటు దగ్గరున్న వాళ్లంతా బాపుతో పనిచేసినవాళ్లే, ఆమెకు దారిచ్చి పక్కకు జరిగారు. నేను ఆమె చెయ్యి పట్టుకుని, వద్దమ్మా, ఇంటికి పోదాం అన్నాను. నిజంగానే అన్నాను.

"మీ బాపు పానం పెట్టిండు. నేను ఒళ్లు పెడుతున్న. ఇగ నువ్వు ఆగినవంటె ఇద్దరం ఉత్తగ పోయినట్టె. బస్సు పోతది, నడువు" అని చెయ్యి విడిపించుకుని లోపలికి వెళ్లింది.

నేను బస్సెక్కాను. జనగామ దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను. అంతకుముందు ఈ చదువంటే నాకు ఇష్టం ఉండేది. ఇప్పుడు భయం.