సగం దారి చెప్పే దోన్యా కసిల్దా

దోన్యా కసిల్దా పుట్టి బుద్ధెరిగాక ఒక్కరికి కూడా పూర్తిగా దారి చెప్పిన పాపాన పోలేదు. ఎవరు ఎక్కడికి వెళ్ళాలన్నా సగం దారే చెప్పేది. మిగతా సగం కావాలంటే ఆకుపచ్చ కిటికీ దగ్గర అడుక్కోవాలి.

మా శాన్ సిప్రియానోలో బస్సులు కొండ కిందే ఆగిపోతాయి. వెనకటికి వెండి గనుల దొరలు పైన వీధులన్నీ గాడిదల కొలతకి వేయించారు. మనుషులు కూడా తిరుగుతారని వాళ్ళకి తోచినట్టు లేదు. అందుచేత ఊరు చూడవచ్చినవాళ్ళు ఎంతటివాళ్ళయినా బస్సు దిగి నడవాల్సిందే. దిగగానే కనిపించేది గొడుగు కింద మేకపాల కోవా అమ్ముకునే కసిల్దా. ఆవిడ నెత్తి మీదుగా, వెనకాల, పెద్ద చర్చి తాలూకు గులాబి రంగు గోపురాలు రెండూ నిక్షేపంగా కనిపిస్తూనే ఉంటాయి.

“అమ్మా, పెద్ద చర్చికి ఎటు వెళ్ళాలి?” అని రాజధాని నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాలు అడిగారు ఒకసారి. నేను పక్కనే నిలబడి కోవా తింటున్నాను.

“పిల్లిమెట్లు ఎక్కండి. రాతి శిలువ దగ్గర ఎడమకి తిరగండి. ఆకుపచ్చ కిటికీ వస్తుంది. అక్కడ అడగండి.”

“అదేమిటి, చర్చి అదిగో, ఎదురుగా కనిపిస్తోందిగా!” అన్నాడు మొగుడు.

“చందమామా కనిపిస్తాడు. వెళ్ళొస్తారా మరి?” అంది కసిల్దా.

ఇద్దరూ వెళ్ళి పిల్లిమెట్లెక్కారు పాపం. నాటకశాలకి దారీ అదే. పాత టంకశాలకీ అదే. ఊరంతా కనిపించే దిబ్బకీ అదే. ఒక పెద్దమనిషి కడుపు పట్టుకుని, చెమటలు కక్కుతూ, మరుగుదొడ్డి ఎక్కడమ్మా అని అడిగితే ఆయన్నీ ఆకుపచ్చ కిటికీకే తోలింది మహాతల్లి. ఆయన సంగతి తర్వాత ఏమైందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ కిటికీ దోన్యా అంపారోది. దోన్యా అంటే మా ఊళ్ళో పెద్దావిడలకి ఇచ్చే గౌరవం. కసిల్దాకీ ఆవిడకీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఒకప్పుడు ఇద్దరూ కలిసే కోవా వండేవారు. అందులో దాల్చినచెక్క వెయ్యాలా వద్దా అన్న దగ్గర మాటా మాటా పెరిగి, ఏళ్ళ తరబడి మాటలు మానేశారు. కాబట్టి ఈ దారి చెప్పడం వెనక ఉన్న మర్మం ఊళ్ళో అందరికీ తెలిసిందే. శత్రువు కిటికీకి కనపడ్డవాణ్ణల్లా తోలి, దాని ప్రాణం తోడేసి, పగ తీర్చుకుంటోంది కసిల్దా. చావడి దగ్గర ఎవరిస్తో క్షౌరశాల అంటే నాదే, అక్కడ ఈ మాట మీద నవ్వుకోని రోజు లేదు. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే, నా కూతురి పెళ్ళి వచ్చేదాకా.

మా రోసెండాకి రేవు పట్నంలో సంబంధం కుదిరింది. కుర్రాడి పేరు నికాండ్రో, సరుకుల ఓడ మీద పని. పెళ్ళి శనివారం. ఆ వచ్చే బుధవారమే బూడిద బుధవారం, అక్కడినుంచి ఉపవాస దినాలు. ఈస్టర్ దాకా మా ఊళ్ళో పెళ్ళిమాటే ఎత్తరు. ఈస్టర్ దాకా ఆగుదామంటే సోమవారం ఓడ కదులుతుంది, మళ్ళీ అతను ఒడ్డు చూసేది క్రిస్మస్‌కే. ఇది చాలదన్నట్టు మా చర్చి ఫాదర్‌కి జ్వరం. ఫాదర్ వెన్సెస్లావో అని పట్నం నుంచి ఇంకొకాయన్ని బతిమాలి ఒప్పించాం. ఆయన కూడా, “పదకొండింటికి మొదలెడతాను. ఒంటిగంట బస్సుకి మాత్రం వెళ్ళిపోవాలి. అవతల ఊళ్ళో ఇంకో పెళ్ళి ఉంది, అది వదలడం కుదరదు” అని ముందే చెప్పారు.

పది గంటల బస్సుకి ఎదురెళ్ళమని మా బావమరిది ఉబాల్దోని పంపాను. పదకొండు కొట్టారు. చర్చినిండా పూలు కట్టారు. బాజాలవాళ్ళు బయట శ్రుతి చూసుకుంటున్నారు. చుట్టాలందరూ బల్లల మీద కూర్చున్నారు. అప్పుడు ఉబాల్దో రొప్పుతూ వచ్చి నా చెవిలో నోరు పెట్టాడు.

“బావా, బస్సులో పెళ్ళివారు లేరు. ఫాదర్ కూడా లేరు. అంతా వెతికాను.”

చెవిలో చెప్పాడన్నమాటే గానీ మొదటి వరసలో ఉన్న మా మేనత్తకి అక్షరం పొల్లుపోకుండా వినబడింది. “ఓడలమీద తిరిగేవాడు. ఏ రేవులో ఎవత్తె ఉందో” అని ఆవిడ పక్కావిడతో అంది. పక్కావిడ వెనకావిడతో అంది. కాసేపట్లో ఆ మాట చర్చి చివరి వరసకి చేరేసరికి పెళ్ళికొడుక్కి ఇద్దరు పిల్లలు కూడా పుట్టేశారు.

పక్కగదిలో రోసెండా తెల్లగౌను వేసుకుని కూర్చుని ఉంది. మేలిముసుగుకి కుట్టిన పూలు ఒక్కొక్కటే పీకి ఒళ్ళో వేసుకుంటోంది.

“రాడా నాన్నా?” అంది నావైపు చూడకుండా.

“రాక చస్తాడా! కాళ్ళు పట్టుకుని ఈడ్చుకొస్తాను” అని అన్నాను గానీ, ఎక్కణ్ణుంచి ఈడ్చుకురావాలో నాకే తెలియదు. బయటికొచ్చి ఉబాల్దో చొక్కా పట్టుకున్నాను.

“కసిల్దాని అడిగావుట్రా?”

“అడిగాను. అందరూ ముందు బస్సులోనే వచ్చేశారట.”

“వచ్చి?”

ఉబాల్దో నేలచూపులు చూశాడు. “దారి అడిగారట బావా.”

నా నోట్లోంచి వచ్చిన మాట చర్చి గుమ్మంలో అనాల్సింది కాదు. తోలుబూట్లు, మెడకి బిగుసుకుపోయిన టై, ఆ వేషంతోనే కొండ దిగి పరుగెత్తాను. కసిల్దా గొడుగు కింద చల్లగా కూర్చుని ఈగలు తోలుకుంటోంది.

“నా అల్లుడేడీ?” అని అరిచాను.

“ఆ పొడుగాటి అబ్బాయా? బంగారంలాంటి కుర్రాడు, ఎవరిస్తో. బేరమాడకుండా కోవా కొన్నాడు.”

“ఎటు పంపావు వాణ్ణి?”

“ఎటేమిటి నాయనా, కొత్తగా అడుగుతావు?”

“ఇవాళ కూడానా! నా కూతురి పెళ్ళి అని తెలిసి కూడానా! నీ పగ తగలెయ్య, ఆ ఫాదర్‌నైనా వదిలావా?”

“ఫాదర్‌ని నేనెందుకు పిలుస్తాను? ఆయనే వచ్చి అడిగారు” అంది ముసలావిడ.

ఇంకక్కడ నిలబడితే హత్యానేరం మీద పడుతుందని పిల్లిమెట్లెక్కాను. పైన గంట పదకొండున్నర కొట్టింది. మెట్లు మోకాళ్ళు విరిచేస్తున్నాయి. సందు మలుపు తిరగకముందే గిటారు వినిపించింది. మలుపు తిరిగాక చూద్దును కదా, పెళ్ళివారందరూ ఆకుపచ్చ కిటికీ ముందు అరుగు మీద వరసగా కూర్చుని, గాజుగ్లాసుల్లో ఎర్ర గోంగూరపువ్వుల షర్బత్ తాగుతున్నారు. నా అల్లుడు జామపండు హల్వా నములుతున్నాడు.

“ఏమయ్యా! అక్కడ నా కూతురు ఏడుస్తోంది, ఇక్కడ నువ్వు హల్వా తింటున్నావా?”

అతను అదిరిపడి లేచాడు. “ఏడుస్తోందా? అయ్యో! ఆచారం పూర్తవగానే వద్దామనే, మామయ్యా!”

“ఏం ఆచారం?”

“కిటికీలో పెద్దావిడ ఇచ్చింది తాగకుండా, ఆవిడ కబుర్లు వినకుండా చర్చికి వెళ్తే పెళ్ళి నిలవదటగా ఈ ఊళ్ళో. బస్సుల దగ్గర మిఠాయమ్మ చెప్పింది.” అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “తను పంపినట్టు మాత్రం ఇక్కడ చెప్పొద్దని మా అందరిచేతా ఒట్టు వేయించుకుంది.”

నేను పుట్టి పెరిగిన ఊళ్ళో అలాంటి ఆచారం ఉన్నట్టు నాకే తెలియదు. “సరే, ఫాదర్ ఎక్కడ?” అన్నాను.

“లోపల. ఆవిడ పాపసంకీర్తనం, అదే, చేసిన పాపాలు చెప్పుకుంటుంటే, వింటున్నారు. ఆవిడ మోకాళ్ళు పడిపోయి చర్చికి రాలేదట, ఎవరూ ఇటు రారట. ముందు ఆవిణ్ణి చూసి వెళ్ళమని ఆయనకీ మిఠాయమ్మే చెప్పింది.”

కిటికీ తెర మూసి ఉంది. పాపసంకీర్తనం మధ్యలో తలుపు తట్టేవాడు మా ఊళ్ళో ఇంతవరకు పుట్టలేదు. కూతురి పెళ్ళి తగలబడిపోతున్నా సరే, తట్టకూడదు. తెర ఇవతల నేను కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. లోపలినుంచి ఫాదర్ గొంతు, “ఇక ముగిద్దామా అమ్మా?” అని వినిపించింది. హమ్మయ్య అనుకున్నాను.

“అప్పుడేనా ఫాదర్? ఇంకా కసిల్దా సంగతి మొదలే పెట్టలేదు!” అంది అంపారో.

గోడకి తల కొట్టుకున్నాను. పావుతక్కువ పన్నెండు కూడా కొట్టారు. నికాండ్రో టోపీ నలిపేస్తున్నాడు. వాళ్ళమ్మ జపమాల తిప్పుతోంది. కసిల్దా మీద పాపాలు ఎన్ని పోగయ్యాయో గానీ, ఫాదర్ తెర తీసేసరికి ఆయన ముఖమంతా చెమట. వెనకాల కుర్చీలో అంపారో కడిగిన ముత్యంలా ఉంది.

“ఎందుకయ్యా ఎవరిస్తో ఆ కంగారు?” అంది నన్ను చూసి. “ఈ ఊళ్ళో నన్నడగందే ఎవరికీ ఏదీ దొరకదు. ఎక్కడెక్కడివాళ్ళో నన్నే వెతుక్కుంటూ వస్తారు. పొద్దున లేస్తే ఊపిరాడనివ్వరనుకో. ఆ కసిల్దా ఉంది, బస్సుల దగ్గర కూర్చుని ఏం లాభం? దాన్ని అడిగే దిక్కు లేదు.”

నోటిదాకా వచ్చింది మాట. కానీ ఆవిడ ముఖం చూశాను. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ కళ్ళు ఎంత మెరుస్తున్నాయో చూశాను. ఆ సందులో మా ఊరివాళ్ళం ఎవరం అడుగు పెట్టం, పనేముంది కనక? ఆవిడ ఇంకా ఇలా గొంతెత్తి గొప్పలు చెప్పుకుంటోందంటే, ఎవరి పుణ్యమో అప్పుడు తెలిసింది. “అవును దోన్యా అంపారో, నువ్వు లేకపోతే ఊరు ఊరే కాదు” అన్నాను. “ఇప్పుడు మాకు చర్చికి దారి చెప్పు తల్లీ, చచ్చి నీ కడుపున పుడతాను.”

“దానికేం, నా పెరటి తలుపు తీస్తే చర్చి వెనక వసారాయే.”

“ఆ మాట ముందే వీళ్ళకి చెప్పొచ్చుగా!”

“దారి అడిగారు, తీరిగ్గా చెబుతున్నాను. దగ్గర దారి కావాలని ఎవరన్నారు?”

పెరట్లో కోళ్ళని చెదరగొట్టుకుంటూ, పెళ్ళివారందరం బిలబిలా వసారాలోకి దూకాం. పెళ్ళికొడుకు పీఠం వెనకనుంచి ఊడిపడేసరికి మా మేనత్త కెవ్వుమంది. రోసెండా అతన్ని చూసి ముందు ఏడ్చింది, తర్వాత పూలగుత్తితో నెత్తిమీద ఒక్కటిచ్చింది, ఆ తర్వాత అందంగా నవ్వింది. ఫాదర్ ప్రార్థనలు ఎంత వేగంగా చదివారంటే దేవుడు కూడా కాస్త ముందుకి వంగి వినుంటాడు. ఆఖరి ఆశీర్వాదం బయట మెట్లమీద, బస్సుకేసి పరుగెత్తుతూ ఇచ్చారు.

సాయంత్రం ఎండ తగ్గకముందే బాజాలతో, సారాకుండలు మోసే గాడిదతో ఊరేగింపు బయల్దేరింది. ఎప్పుడూ వెళ్ళే దారి వదిలేసి, నేను ముందు నడిచి అందరినీ అంపారో సందులోకి తిప్పాను. కసిల్దా కూడా కొత్త శాలువా కప్పుకుని వచ్చింది. కిటికీ రాగానే మొహం అటు తిప్పేసుకుంది గానీ, నడక మాత్రం ఆగింది. బాజాలు ముందుకి వెళ్ళిపోయాయి.

“ఎవరిస్తో!” అంది అంపారో కిటికీలోంచి. “నీ పక్కన నిలబడ్డావిడతో చెప్పు, ఎండలో అలా మాడొద్దని. పడిపోతే మొయ్యడానికి ఇక్కడెవరూ ఖాళీగా లేరని.”

“నన్నెవరూ మొయ్యక్కర్లేదని చెప్పు ఆవిడకి” అంది కసిల్దా.

“లోపలికొచ్చి కూర్చోమని నేనేం పిలవడం లేదని చెప్పు.”

“పిలిస్తే మాత్రం వచ్చేదెవరో అడుగు.”

ఇద్దరికీ నడుమ జానెడు దూరం. కాసేపటికి కిటికీ చువ్వల్లోంచి ఎర్రటి షర్బత్ గ్లాసు ఒకటి బయటికొచ్చింది. “ఇది వృథాగా పోతోంది, ఎవరైనా తాగుతారేమో కనుక్కో” అంది అంపారో.

కసిల్దా అందుకుని గటగటా తాగేసింది. మూతి తుడుచుకుంది.

“పంచదార ఎక్కువైందని చెప్పు ఆవిడకి” అంది, ఖాళీ గ్లాసు మళ్ళీ నింపమని కిటికీలోకి చాపుతూ.