నాయన కంబళి

నిన్న ట్రంకుపెట్టె తెరిస్తే నాయన కంబళి జల్లెడైపోయి ఉంది. మడతల్లో బియ్యపుగింజంత, ఒళ్లంతా నూగున్న పురుగులు. గొర్రెవాసన మాత్రం అలాగే ఉంది. మా సింహాద్రిపురం వైపు పెరిగినవాళ్లకు గుర్తుందా, ఎండలో వేస్తేనే ఆ పురుగు వదిలేది?

ఊళ్లో పార్టీ కక్షల గొడవలప్పుడు నాయన ఊళ్లు పట్టుకుని తిరుగుతూ, ఎప్పుడో చాటుగా ఇంటికొచ్చేవాడు. ఆ కంబళి ఆయన తప్ప ఎవరూ కప్పుకోరని ఊరందరికీ తెలుసు. నేను గోడమీద ఆరేయబోతే అమ్మ లాక్కునేది.

"ఎయ్యొద్దు పాపా! నాయన ఇంట్లో ఉండాడని ఎదుటి పార్టీవాళ్లకు తెలిసిపోతాది."

ఒకసారి వెళ్లిన నాయన మళ్లీ రాలేదు. అయినా అమ్మ పోయేదాకా దాన్ని ఎండ చూడనివ్వలేదు.

నిన్న నేనే గోడమీద ఆరేశాను. "మీ నాయన వచ్చినాడా?" అని ఎవరైనా అడుగుతారేమోనని పొద్దుగూకేదాకా అక్కడే కూర్చున్నాను.