మా ఆయన క్లినిక్కు హౌస్‌ఫుల్

మా ఆయన ఇరవై ఏళ్ళకు పైగా కష్టపడి నిలబెట్టిన క్లినిక్కును ఒక్క పూటలో నిలువునా ముంచబోయిన ఇల్లాలిని నేను. అదేదో కాలు జారి, నోరు జారి ముంచడం కాదు. పకడ్బందీగా ప్లాన్ వేసి, జనాన్ని పోగేసి, పట్టుచీర కట్టుకుని మరీ ముంచబోయాను. చదివి నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

మేం అమెరికాలో క్లినిక్కు తెరిచింది ఎనభైల్లో. అట్లాంటాకు గంట దూరంలో ఒక చిన్న ఊరు. ఆ ఊరికి మా ఆయన ఒక్కరే డాక్టరు. నేను ఆయనకు రిసెప్షనిస్టును, మేనేజరును, అవసరమైతే బాత్రూమ్ కడిగే మనిషిని కూడా. మేం వచ్చిన కొత్తలో, ఈ నల్లటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలా వద్దా అని వీధి అవతల నిలబడి ఆలోచించిన ఊరది. పోనుపోను ఈయన చెయ్యి పడితే తప్ప జ్వరం తగ్గదనే దాకా వచ్చింది. ఆ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ నా మెడ కాస్త నిక్కుతుంది. నిక్కనివ్వండి, తప్పేముంది?

అలాంటి మనిషికి గుండె జబ్బు వచ్చింది. ఇక పని మానేయాల్సిందేనని పెద్ద డాక్టర్లు తేల్చేశారు.

"అమ్మేద్దాం సుగుణా. కానీ ఇంకో డాక్టరుకే అమ్మాలి. మూసేస్తే ఈ ముసలాళ్ళంతా దగ్గొచ్చినా అట్లాంటా దాకా డ్రైవ్ చేయాలి," అన్నారాయన.

నెలలు గడిచినా ఒక్కరూ రాలేదు. చిన్న ఊళ్ళో చిన్న క్లినిక్కు ఎవరికి కావాలి? చివరికి డాక్టర్ కెల్లీ అనే అమ్మాయి ఫోన్ చేసి, గురువారం పొద్దున వచ్చి చూస్తానంది. ఈమె కూడా కాదంటే తాళం వేయడమే.

గోడలకు రంగులు వేయించాను. కర్టెన్లు మార్చాను. కానీ ఇల్లు అలకగానే పండగ కాదన్నట్టు, క్లినిక్కు అలకగానే బేరం కుదరదు కదా! ఆ గురువారం పొద్దున అపాయింట్‌మెంటు ఉన్నది డొరొతీ అనే ముసలావిడకు మాత్రమే. నాకు కంగారు పుట్టింది. ఎందుకంటే మా గుంటూరులో డాక్టరు గొప్పతనాన్ని డిగ్రీలు చూసి చెప్పరు. గుమ్మం ముందు చెప్పుల గుట్ట చూసి చెబుతారు. వరండా నిండిపోవాలి, జనం వీధిలోకి పాకాలి, కాంపౌండరు అందర్నీ కసురుకోవాలి. అప్పుడు గానీ ఆయన హస్తవాసి మంచిదని పేరు రాదు. ఖాళీ కుర్చీల డాక్టరు దగ్గరికి మా ఊళ్ళో ఈగ కూడా వెళ్ళదు.

రోగి కోరేదీ పాలే, వైద్యుడు చెప్పేదీ పాలే అంటారు. కొనే డాక్టరు కోరేదీ రద్దీయే, నేను చూపించేదీ రద్దీయే అని నిశ్చయించుకుని, మా తెలుగు చర్చిలో పెద్ద తలకాయ కరుణమ్మ వదినకు ఫోన్ చేశాను.

"వదినా, గురువారం మీకేమైనా జబ్బుందా?"

"దేవుని దయవల్ల బానే ఉన్నానమ్మా. ఏం?"

"ఉండాలి వదినా. పదింటికల్లా ఉండాలి."

సంగతంతా చెప్పాను. "ఓస్ అంతేనా! డాక్టరుగారి కోసం ఆ మాత్రం చెయ్యమా? మావారి చేత లీవ్ పెట్టిస్తాను. మిగతావాళ్ళకి నే చెప్తాగా," అందావిడ.

మా ఆయనకు ఒక్క ముక్క చెప్పలేదు. గురువారం ఆయన లోపల గదిలో ఉండగా, కార్ల నిండా చర్చి దిగింది. కరుణమ్మ వదిన గుమ్మంలో చెప్పులు విడిచేసరికి అందరూ విడిచారు. ఎవరో పులిహోర డబ్బా మూత తీశారు. కుర్చీలు నిండి, మిగిలినవాళ్ళు గోడకు చేరబడ్డారు. నా కళ్ళు చెమర్చాయంటే నమ్మండి.

అప్పుడు వచ్చింది డాక్టర్ కెల్లీ. తలుపు తీసి, చెప్పుల గుట్ట మీద తూలి, నిలదొక్కుకుని జనాన్ని చూసింది. పక్కనే ఉన్న కరుణమ్మ వదినను, "ఎంతసేపటి నుంచి వెయిట్ చేస్తున్నారు?" అని అడిగింది.

"త్రీ అవర్స్!" అంది వదిన, ఛాతీ విప్పార్చి.

ఆవిడ భర్త జాన్‌బాబుగారు ఊరుకుంటారా? "ఓన్లీ త్రీ? లాస్ట్ టైమ్ నేను హోల్ డే కూర్చున్నాను మేడమ్! వెరీ గ్రేట్ డాక్టర్!"

"మీకేమిటి ప్రాబ్లమ్?"

"మోకాళ్ళ పెయిన్ మేడమ్. టెన్ ఇయర్స్ నుంచి ఈయన దగ్గరికే వస్తున్నాను. స్టిల్ సేమ్ పెయిన్! అయినా ఇంకో డాక్టర్ గడప తొక్కను!"

ఆమె మొహం పాలిపోయింది. రద్దీ చూసి కళ్ళు తిరిగి ఉంటాయని మురిసిపోయాను.

"రోజూ ఇలాగే ఉంటుందా?" అని నన్ను అడిగింది.

"ఇవాళ తక్కువండీ. సోమవారం వచ్చి చూడండి, పార్కింగ్ లాట్‌లో నిలబడతారు!"

"థాంక్యూ. నేను చూడాల్సింది చూసేశాను," అంటూ ఆమె హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుంది.

అప్పుడు వెలిగింది నాకు. ఈ దేశంలో రోగిని గంటలు కూర్చోబెట్టే డాక్టరంటే పని చేతగాని డాక్టరని అర్థం. ఇన్నేళ్ళు అదే కుర్చీలో కూర్చుని, ఎవరు కాసేపు ఆగినా "సారీ" చెప్పిన మనిషినే నేను. కంగారులో నా బుర్ర ఒక్కటే గుంటూరు వెళ్ళిపోయింది. ఊరికి రావాల్సిన డాక్టరు గుమ్మం దాటిపోతోంది.

సరిగ్గా అప్పుడే డొరొతీగారు లోపలికి వచ్చారు. పట్టుచీరలు, చెప్పులు, పులిహోర అన్నీ చూసి, "సుగుణా, ఎవరు పోయారు?" అన్నారు నెమ్మదిగా.

కెల్లీ ఆగి, "మీరు కూడా గంటలు గంటలు వెయిట్ చేస్తారా?" అని అడిగింది.

"నేనా? స్టవ్ మీద సూప్ పెట్టి వచ్చాను తల్లీ. అది పొంగేలోపు ఇంట్లో ఉంటాను, ఎప్పుడూ అంతే. ఈయన నా గుండె చప్పుడు నాకంటే బాగా ఎరుగును. వీళ్ళెవరో మాత్రం నాకు తెలీదు."

ఆ మాటలకు మా ఆయన బయటికి వచ్చారు. ఒకసారి గదంతా చూశారు.

"సుగుణా, మన చర్చి ఇక్కడికి ఎప్పుడు మారింది?"

నేను జవాబు చెప్పేలోపే జాన్‌బాబుగారు చొక్కా చెయ్యి పైకి మడిచారు. "ఎలాగూ వచ్చాం గదా డాక్టరుగారూ, పన్లో పని ఈ బీపీ ఒక్కసారి చూడండి." ఆయన్ని చూసి అందరూ చేతులు చాపారు.

మా ఆయన కెల్లీ వైపు తిరిగారు. "క్షమించాలి. వీళ్ళంతా మా స్నేహితులు, గుండ్రాళ్ళలా ఉన్నారు. మీరు వద్దంటే ఈ ఊరికి డాక్టరు ఉండరని మా ఆవిడ భయం. నా ప్రాక్టీస్ చిన్నది. చాలా పొద్దులు ఈ కుర్చీలు ఖాళీగానే ఉంటాయి."

కెల్లీ పెద్దగా నిట్టూర్చి కూలబడింది. "బతికించారు! నాకు చిన్న పిల్లలున్నారు డాక్టర్. సాయంత్రానికి ఇంటికి చేరే ఉద్యోగం కోసమే తిరుగుతున్నాను. మీ ఖాళీ కుర్చీలే నాక్కావాలి." కరుణమ్మ వదిన ఆమె చేతిలో పులిహోర ప్లేటు పెట్టేసింది.

కొనేసింది. ఊరికి డాక్టరు దక్కింది. మా ఆయన ఊరి కోసం పడ్డ తపన నిజమని ఆమెకు ఆ పూటే తెలిసింది కాబట్టి, అందులో నాకూ కాస్త వాటా ఉందని ఇప్పటికీ వాదిస్తాను. కాకపోతే సంతకాల రోజున ఆమె ఒక్క షరతు పెట్టింది.

"బల్లలు, ఎక్స్‌రే మెషీన్, పేషెంట్లు, అన్నీ తీసుకుంటాను. మీ రిసెప్షనిస్టును మాత్రం మీతోపాటే రిటైర్ చేయించి తీసుకెళ్ళండి."

మా ఆయన నవ్వి, "మీరు అడిగినా అది అమ్మకానికి లేదమ్మా," అన్నారు.

కాబట్టి చదువరులారా, ఒట్టు పెట్టుకోకూడదని బైబిల్లో వాక్యం ఉంది గనక ఒట్టు వేయను గానీ, గట్టిగా మాట ఇస్తున్నాను. నా బొందిలో ప్రాణం ఉండగా, నిక్షేపంగా ఉన్న మనిషిని తీసుకెళ్ళి ఏ డాక్టరు కుర్చీలోనూ కూర్చోబెట్టను.