పోలిరాజు తీయనివ్వని మాట

పోలిరాజుతో పని పెట్టుకోవడమంటే కొరివితో తల గోక్కోవడమేనని ద్వీపంలోని గోల్ ఘర్ బజారులో అందరికీ తెలుసు. దుకాణం ముందు ఎవరైనా వరస తప్పితే చాలు, డెబ్భై తొమ్మిదేళ్ళ ఆ పెద్దమనిషి ఇస్త్రీ మడత నలగకుండానే వీధంతా వినబడేలా చీవాట్లు పెడతాడు. స్టేజీ మీద దండ వేయించుకోవడమంటే మాత్రం మహా సరదా. అలాంటి మనిషి తన యుద్ధం కథ టైపు చేయమని వచ్చి కూర్చునేసరికి, పెళ్ళి కార్డులు అచ్చు వేసుకుని బతికే మధులత గుండెల్లో రాయి పడింది. కాదనడానికీ లేదు. ఆయన ఆమె నాయనమ్మ తవిటమ్మకు సొంత తమ్ముడాయె.

జంగ్లీఘాట్ జాలరిపేటలో వలల మధ్య పెరిగిన కుర్రాడు ఎయిర్‌ఫోర్స్ పైలట్ కావడమంటే మాటలు కాదు. పసితనంలోనే తల్లి పోతే, ఎనిమిదేళ్ళు పెద్దదైన తవిటమ్మ చేపల తట్ట నెత్తికెత్తుకుని తమ్ముణ్ణి చదివించింది. అక్కను ఆయన తమ ఇంటి వాడుకలో ‘అప్ప’ అంటాడు. ఎంత కోపంలో ఉన్నా ఆ పిలుపు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిపోతుంది.

పుస్తకం తెలుగులోనే ఉండాలన్నాడు. తీరా చూస్తే ఆయనకు తెలుగు కూడబలుక్కుంటే తప్ప చదవడం రాదు. ఆయన చెబుతుంటే మధులత టైపు చేయాలి.

“ఇంగ్లీష్‌లో అయితే ఢిల్లీ దాకా చదువుతారు కదా తాతయ్యా?”

“ఢిల్లీ వాళ్ళు నన్ను పెంచారా? మా అప్పకి చదివి వినిపించాలి. టైప్ కరో, బస్.”

చిక్కంతా అక్కడే ఉంది. డెబ్భై ఒకటి యుద్ధంలో తమ్ముడు రేషన్ మూటలు మోసే విమానం నడిపాడనే తవిటమ్మ నమ్మకం. నిజానికి ఆయన నడిపింది బాంబర్. తవిటమ్మ చిన్నతనంలో, ద్వీపాలు జపాను వాళ్ళ చేతిలో ఉన్న రోజుల్లో, వాళ్ళను కొట్టడానికి ఆకాశం నుంచి వేసిన బాంబు ఒకటి ఒడ్డునున్న గుడిసెల మీద పడింది. అందులో ఆమె బుల్లి తమ్ముడు పోయాడు. పోలిరాజు అప్పటికింకా పుట్టలేదు. ఈనాటికీ విమానం కిందుగా వస్తే తవిటమ్మ చేతిలో పని వదిలేసి గోడకు ఆనుకుంటుంది.

యుద్ధానికి పిలుపు వచ్చినప్పుడు ఆమె అడిగి ఉంటే ఆయన నిజం చెప్పేవాడేమో. కానీ గడప దాటే మనిషిని ఎక్కడికని అడగడం ఆ ఇళ్ళలో అపశకునం. చేపల వేటకు పోయే వాళ్ళను అడిగినట్టే “దూరమా?” అంది. “దూరమే అప్పా” అన్నాడు. తిరిగి వచ్చాక రేషన్ విమానం కథ తనే అల్లాడు. అబద్ధం ఒకసారి ఇంట్లో చోటు చేసుకుంటే తేలిగ్గా పోదు. యాభై ఏళ్ళు దాటినా అది అలాగే ఉండిపోయింది.

టైపు చేస్తున్న కొద్దీ మధులతకు ఆయన కొత్తగా కనిపించసాగాడు. ఊళ్ళో గొప్పలు పోయే మనిషి పుస్తకంలో తనను తాను ఉతికి ఆరేస్తున్నాడు. మొదటి రాత్రి భయంతో వాంతి చేసుకున్నాననీ, తన వెనక కూర్చుని దారి చూపిన నావిగేటర్‌కు పేరొస్తే కుళ్ళుకున్నాననీ దాచకుండా చెప్పాడు. అలా చమురు నిల్వల మీద దాడి దాకా వచ్చారు.

“బాంబులు సరిగ్గా పడ్డాయి. కింద మంటలు లేచాయి. నాకు సంతోషం వేసింది. రాయి.”

మధులత వేళ్ళు ఆగిపోయాయి. “తాతయ్యా, తర్వాత బాధపడ్డానని ఒక్క లైన్ పెడదాం. మామ్మ వినాలి కదా.”

“పడలేదు. కింద ఎవరున్నారో అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను, అదీ రాయి. కానీ ఆ రాత్రి సంతోషమే. పడని బాధ పడ్డానని అప్పకి ఇంకో అబద్ధం చెప్పమంటావా?”

ఆమెకు ఒళ్ళు మండింది. ఆ మొండితనాన్ని మెచ్చుకోకుండానూ ఉండలేకపోయింది.

ఆదివారం జంగ్లీఘాట్ ఇంట్లో చాప పరిచి కూర్చున్నారు. పోలిరాజు కొత్త చొక్కా తొడుక్కున్నాడు. మధులత చదవసాగింది. బాంబర్ అన్న మాట రాగానే తవిటమ్మ తల ఎత్తి తమ్ముడి వైపు చూసింది. చమురు నిల్వల దగ్గరికి వచ్చేసరికి మధులతకు ధైర్యం చాలలేదు. మంటలు లేచాయని చదివి, ఆ తర్వాతి మాట దాటేసి ముందుకు పోయింది.

“ఆగు మధూ” అన్నాడు పోలిరాజు. “ఒక మాట వదిలేశావు.” అక్క వైపు తిరిగి, “అప్పా, మంటలు చూసి నాకు సంతోషం వేసింది” అన్నాడు. అంత పెద్ద గొంతూ పీలగా వచ్చింది.

తవిటమ్మ గోడకేసి తిరిగింది. ఇక ఈ ఇంటి గడప తొక్కవద్దంటుందేమోనని మధులత హడలిపోయింది.

“కిందున్నోళ్ళు నీకు అగుపడీవోరేటి?” అంది.

“నేదప్పా. చీకటి.”

“మాకు ఆనాడు ఆ ఇమానం అగుపడింది రా. సంద్రం మీంచి వచ్చింది. ఇన్నేళ్ళూ దాన్నే తిట్టుకున్నాను. అందులో ఓ మనిసుంటాడని, ఆడికీ ఇంటికాడ ఎదురుసూసీ అప్ప ఉంటాదని నాకెప్పుడూ తోచనేదు.”

పోలిరాజు తల వంచేసుకున్నాడు. కన్నీళ్ళు కొత్త చొక్కా మీద పడుతున్నా తుడుచుకోలేదు.

“ఆ మాట తీసీకు. ఉండనీ” అంది తవిటమ్మ. “గానీ కిందున్నోళ్ళ పేరు ఒక్కటీ నేదు నీ పుస్తకంలో. మన సిన్నోడి గురించి రాయి. ఆడి పేరు ఎర్రయ్య. అప్పుడే నడక నేర్సినాడు. పీతని సూసి నవ్వీవోడు.”

తన పుస్తకంలో ఒక్క ముక్క కూడా కలపనివ్వని పోలిరాజు, కాగితాలు వెనక్కి తిప్పి మధులత ముందు పెట్టాడు.

“అప్ప చెప్పింది చెప్పినట్టు రాయి” అన్నాడు. “మొదటి పేజీలో.”